పూత దశలో మందు ఎప్పుడు కొట్టాలి?

అశోక్ నగర్‌లో జిరాక్స్ షాపు ముందు నిలబడి, ఒక చేతిలో టీ గ్లాసు, ఇంకో చేతిలో వ్యవసాయం బిట్ బ్యాంక్ పట్టుకున్న మీ అందరికీ ఒక మాట. నలభై ఏడో పేజీ తెరవండి. కింది నుంచి మూడో ప్రశ్న. పక్కన నక్షత్రం గుర్తు, ‘తప్పక వస్తుంది’ అని చేతిరాత ఉంటాయి. ఆ చేతిరాత నాది. ఆ జవాబు తప్పు.

ఇక్కడితో ఆపేస్తే మీకు చాలని నాకు తెలుసు. పెన్ను తీసి దిద్దుకొని పేజీ తిప్పేస్తారు. అలా తిప్పేయడం మీకు నేర్పింది కూడా నేనే. అందుకే ఆపను.

ఇరవై రెండేళ్లు కోచింగ్ సెంటర్లలో జీవశాస్త్రం, వ్యవసాయం చెప్పాను. గాంధీనగర్‌లో ఇల్లు, అశోక్ నగర్‌లో క్లాసు, మధ్యలో నడక. మూడు వందల మంది ఉన్న హాల్లో మైకు చెడిపోయినా చివరి బెంచీకి వినపడే గొంతు నాది. ఆ గొంతులోనే కాయ లేచింది. అరవడం మానకపోతే మాటే పోతుందన్నాడు డాక్టరు. అలా యాభై మూడో ఏట రిటైరయ్యాను. ఒక శాలువా కప్పారు. అది ఇప్పుడు మా ఇంట్లో కుట్టు మిషను మీద ఉంది.

బిట్టు ఎలా పుడుతుందో మీకు తెలియదు, చెప్తాను. బిట్టుకు ఉన్నది ఒకటే నియమం. నాలుగు జవాబుల్లో ఒక్కటే సరైనది కావాలి. లోకంలో చాలా సంగతులకు ‘లేదా’ ఉంటుంది, ‘అయితే’ ఉంటుంది, ‘ఒక్కోసారి’ ఉంటుంది. బిట్టులో వాటికి చోటు లేదు. మా పనంతా ఆ మాటలను ఏరి పారేయడమే. ఎంత త్వరగా ఏరితే అంత గొప్ప ఫ్యాకల్టీ.

చిక్కడపల్లిలో ఒక సందు చివర మా పుస్తకాలు టైపు చేసే గది ఉండేది. ఒక మధ్యాహ్నం ప్రూఫులు చూడడానికి నేను, మా హిస్టరీ సార్ వెళ్లాం. టైపు చేసే అతను తెర మీద నుంచి కళ్లు తీయకుండానే అడిగాడు.

“మేడం, దీంట్ల రెండు కరెక్టయితున్నయ్. పంటకు పురుగుమందు కొట్టడానికి అనువైన సమయం? ఎ, మధ్యాహ్నం. బి, ఉదయం. సి, సాయంత్రం. డి, ఎప్పుడైనా. మీరేమో ‘ఉదయం లేదా సాయంత్రం’ అని రాసిర్రు. పోరగాళ్లు లొల్లి వెడ్తరు.”

“అయితే సాయంత్రం తీసెయ్.”

“ఆప్షన్ల తీసెయ్యాల్నా, జవాబుల తీసెయ్యాల్నా?”

“జవాబుల తీసెయ్. ఆప్షన్ల ఉండనియ్. వాళ్లు తికమక పడడానికి ఒకటుండాలె కదా.”

ఎండ తక్కువ, గాలి తక్కువ ఉన్న పూట కొట్టాలన్నదే అసలు సంగతి. రెండు పూటలూ సరైనవే. ఒక పూట పోయింది. అక్కడితో ఆగినా పెద్ద ప్రమాదం లేదు. హిస్టరీ సార్ పక్క నుంచి తొంగిచూసి, “ఇది ప్రతి సెంటర్లో ఉన్న ప్రశ్నే కదా మేడం” అన్నాడు. నాకు ఎక్కడో గుచ్చుకుంది. ప్రశ్న ముందు మూడు మాటలు చేర్పించాను: ‘పూత దశలో ఉన్న’. ఇక అది నా ఒక్కదాని ప్రశ్న.

పూత దశలో ఉదయం పూట మందు కొడితే ఏమవుతుందో జంతుశాస్త్రం ఎం.ఎస్సీ. చదివిన నాకు తెలియదా? తెలుసు. పువ్వు విచ్చేది ఉదయమే, తేనెటీగ వచ్చేదీ ఉదయమే. తప్పనిసరై కొట్టాల్సి వస్తే అవి గూటికి తిరిగిపోయాక, పొద్దుగూకాక కొట్టాలి. తెలియక రాసిన తప్పయితే క్షమించమని అడగవచ్చు. ఇది తెలిసి, ఆలోచించకుండా రాసింది. చేతిలో సగం తిన్న మిర్చి బజ్జీ ఉందని కూడా గుర్తుంది.

ఇంకో విడ్డూరం చూడండి. అదే పేజీలో మొదటి ప్రశ్న: తేనెటీగల వల్ల మనిషికి కలిగే ప్రధాన ప్రయోజనం? తేనె అని పెట్టినవాళ్లను హాల్లో లేపి నిలబెట్టేదాన్ని. “తేనె కాదర్రా, పరాగ సంపర్కం! అవి వాలకపోతే కాయ లేదు, గింజ లేదు, మీ హాస్టల్లో కూర లేదు!” అని బల్ల గుద్ది చెప్పేదాన్ని. పేజీ పైన వాటిని పొగిడి, పేజీ కింద వాటికి విషం పెట్టాను. అన్నేళ్లలో ఒక్కరూ ఆ రెండింటినీ కలిపి చదవలేదు. బిట్లను కలిపి చదవరు మరి. విడివిడిగా మింగుతారు.

ఒక్క అమ్మాయి చదివింది.

పాలమూరు పక్క పల్లె. అశోక్ నగర్‌లో లేడీస్ హాస్టల్లో ఉండేది, నాలుగో వరసలో కిటికీ పక్కన కూర్చునేది. అదే తనకు ఆఖరి ప్రయత్నమని ఇంట్లో చెప్పి వచ్చిందట. తల్లి ఒకప్పుడు ఈ ఊళ్లోనే బిల్డింగు పనుల్లో ఇటుకలు మోసి, తర్వాత ఊరికి వెళ్లి రెండెకరాలు కౌలుకు పట్టి పుచ్చ వేస్తోంది. ఆ చేను నిలిస్తే ఈ అమ్మాయి చదువు నిలుస్తుంది. అంతే లెక్క.

నేను నక్షత్రం ప్రశ్నలు చదివిస్తుంటే చెయ్యెత్తింది.

“మేడం, పూత మీద పొద్దుగాల కొడితే తేనెటీగలు సస్తయ్ గద? మా అమ్మ పూత మీద అసలే కొట్టనియ్యదు. మరీ తప్పదంటే పొద్దుగూకినంక కొడ్తది.”

“మీ అమ్మ పేపర్ సెట్ చేస్తదా?”

హాలంతా నవ్వింది. నవ్వించడం నాకు బాగా వచ్చు.

“లేదు మేడం. పుచ్చ వెడ్తది.”

మళ్లీ నవ్వారు. ఈసారి నవ్వు నా మీదకు కొంచెం వంగింది. నాకు ఒళ్లు మండింది. “అయితే పోయి పుచ్చ పెట్టుకో, ఇక్కడెందుకు కూసున్నవ్? ఏ సెంటర్ కీ అయినా తెచ్చి చూడు. ఊరంత తప్పు, మీ అమ్మ ఒక్కతే కరెక్టా?”

కూర్చుంది. నా మాట నిజమే, అన్ని సెంటర్ల కీలలోనూ ఉదయమే ఉంది. వాళ్లంతా నా దగ్గరే ఎత్తారు. ఒక సెంటర్ వాళ్లయితే నా నక్షత్రంతో సహా ఎత్తారు. ఆ సంగతి నాకు తెలుసు, తెలిసి మురిసిపోయేదాన్ని కూడా. నా తప్పుకు నా తప్పునే సాక్షిగా నిలబెట్టి, ఆ పిల్లను ఓడించాను.

ఆ సాయంత్రం స్టాఫ్ రూములో హిస్టరీ సార్ మెల్లగా, “ఆ అమ్మాయి అడిగింది కరెక్టే కదా మేడం?” అన్నాడు.

“మీ కాకతీయుల సంగతి మీరు చూసుకోండి” అన్నాను.

చలికాలం వెళ్లిపోయేటప్పుడు ఆ అమ్మాయి కనిపించకుండా పోయింది. మా సెంటర్లో వరసగా మూడు టెస్టులు రాయకపోతే బ్యాచ్‌లోంచి పేరు తీసేసేవారు. తీసేశారు. నేను గమనించను కూడా లేదు.

ఎండలు ముదురుతుండగా ఒక రోజు తల్లీ కూతుళ్లు స్టాఫ్ రూముకు వచ్చారు. తల్లి చేతిలో యూరియా సంచీ. కూతురు గుమ్మం దగ్గరే నిలబడింది. తల్లి లోపలికి వచ్చి, సంచీలోంచి ఒక పుచ్చకాయ తీసి నా బల్ల మీద పెట్టింది. అది ఒక పక్కకు ఒరిగిపోయింది. ఒక వైపు ఉబ్బి, ఒక వైపు పీక్కుపోయి, నిలవడానికి కుదురు లేని కాయ.

“ఏమనుకోకు మేడం. ఉన్నదాంట్ల గిదే మంచిది.”

“కూర్చోండమ్మా. ఏమైంది?”

“పిల్లది పరీచ్చలు రాయకపాయె, పేరు గొట్టేసిండ్రంట. దానిది తప్పు లేదు మేడం. నేనే పిలిపిచ్చిన. ఆడపూలకు మగపూలు తాకియ్యనీకి నా ఒక్కదానితోని గాలె.”

నాకు అర్థం కాలేదనుకొని విడమరచి చెప్పింది. పొద్దు పొడవగానే మగపువ్వు తెంపి, రేకలు వలిచి, ఒక్కొక్క ఆడపువ్వుకు తాకించాలి. ఎండ ఎక్కితే పువ్వు ముడుచుకుంటుంది. రెండెకరాలు, ఇద్దరు మనుషులు, నడుం ఎత్తకుండా.

“ఈగ జేసే పని మనిషి జేస్తే ఎన్నని జేస్తది మేడం? రెండెకరాలల్ల ఒక మూల గుడ గాలే. తాకిచ్చినయి నాలుగు నిలిచినయ్, తాకియ్యనియి పసుపు వచ్చి రాలినయ్. నిలిచినయి గుడ గిట్ల వంకర.”

“ఈగలేమైనయ్?” అని అడిగాను. ఎందుకు అడిగానో నాకే తెలియదు. గుమ్మం దగ్గర కూతురు తలెత్తింది.

“సచ్చినయ్ మేడం. మా ఊళ్లె యవుసాయం సారు ఉన్నడు. మంచి పిలగాడే, మీ దగ్గరనే సదువుకున్నడంట. అందరి ఫోన్లల్ల ఒక కాయితం ఫోటో వెట్టిండు. పూత మీద పొద్దుగాలనే కొట్టాలె అని. చుట్టు చేన్లోళ్లు అందరు కొట్టిండ్రు. నేను కొట్టనంటే భూమి ఆసామి వచ్చి లొల్లి. నీ పురుగు మా చేన్లకొస్తది, సదువుకున్నోళ్లకంటె నీకెక్కువ ఎరుకనా, కొట్టకుంటే కౌలు ఇడిచిపెట్టు అన్నడు. కొట్టిన. రోజు పొద్దుగాల చేన్ల అడుగువెడితే గుయ్యిమని ఉండేది మేడం. మూడొద్దులల్ల సప్పుడు లేకుంట అయింది. కాళ్లకింద ఈగలే. తీగల నడుమ, నీళ్ల కాలువల, అన్ని కాళ్లు మీదికి వెట్టి ఎల్లెలుకల వడి ఉన్నయ్.”

అర్థమెటిక్ సార్ పేపర్లు దిద్దడం ఆపేశాడు.

“పట్నంల ఎవలో పెద్ద సారు రాసిండంట మేడం. పక్కకు సుక్క గుడ గీసిండు. గంత నమ్మకంగ రాసినంక కాదననీకి మేమెంతటోళ్లం?” అని కూతురి వైపు తిరిగింది. “ఫోన్ల ఉన్నది గదనే, సూపియ్యి మేడంకు.”

కూతురు ఫోన్ తీయలేదు. “మేడంకు ఎరుకే లే అమ్మా” అంది.

‘అది రాసింది సారు కాదమ్మా, నేను’ అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఆ అమ్మాయి నాకు దారి విడిచి మరీ నిలబడింది. తను చెప్పలేదు, నేనే చెప్తానని చూసింది. నేను రిజిస్టరు దగ్గరకు లాక్కొని, “పేరు మళ్లీ రాయిస్తా, రేపటి నుంచి పంపండి” అన్నాను.

తల్లి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఆ దండం కూడా తీసుకున్నాను.

వాళ్లు వెళ్లాక హిస్టరీ సార్ కాయ కోశాడు. సగం ఎరుపు, సగం తెలుపు. తెల్ల సగంలో గింజలు పొల్లు. ఎవ్వరూ ముక్క తీసుకోలేదు.

ఇక్కడ నా తరఫున నేను వాదించుకుంటాను, అది నా స్వభావం. ఆ ఊళ్లో తేనెటీగలు నా ఒక్క బిట్టుతోనే పోయాయంటే ఒప్పుకోను. తుట్టెలుండే గుట్టలను కంకర కోసం పగలగొట్టారు. గట్ల మీద పూసే కంపను గడ్డిమందు కొట్టి మాడ్చారు. తేనె కోసం తుట్టెలను తగలబెట్టారు. ఏ పంటకు ఏ మందో తెలియకుండా దుకాణంవాడు ఇచ్చిందల్లా కొట్టారు. ఇన్ని దెబ్బలు తిని మిగిలిన వాటి మీద పడిన దెబ్బ నాది. నాకంటే పెద్ద దోషులు ఉన్నారు. కానీ వాళ్లెవరూ తమ దెబ్బ పక్కన నక్షత్రం పెట్టలేదు.

ఇంకోటి. ‘పుచ్చకాయ లేకపోతే చస్తామా మేడం’ అని మీలో ఒకరు అంటారు, ఎప్పుడూ ఒకరుంటారు. నారాయణగూడ మార్కెట్లో దోసకాయలు ఏరుకుంటూ చూడండి. ఒక కొస సన్నగా, ఒక కొస బుర్రలా ఉన్న వంకర కాయలు బుట్టలో ఎన్ని ఉన్నాయో. అన్నీ కాకపోయినా వాటిలో చాలా ఈగ సరిగా వాలని కాయలే. అక్కడ కూరగాయలమ్మే ఆమె నాతో, “మంచియి వస్తలేవక్క, కాయ వట్టుడే తక్కువైందంట” అంది. దోస, గుమ్మడి, పొద్దుతిరుగుడు నూనె, ఉల్లి విత్తనం, ఇవన్నీ ఈగ మీద ఆధారపడి బతికేవే. వరికి తేనెటీగ అక్కర్లేదు. కాబట్టి అన్నం ఉంటుంది. అందులో కలుపుకునేది ఏమిటో మీరు ఆలోచించుకోండి.

దిద్దుకోవడానికి ప్రయత్నించలేదా అంటే, ప్రయత్నించాను. ముందు మా డైరెక్టర్ దగ్గరకు వెళ్లాను. “ఇప్పుడు మారిస్తే పిల్లలు పరేషానయితరు మేడం. పరీక్ష అయిపోనియ్యండి, కొత్త ఎడిషన్‌ల చూద్దాం” అన్నాడు. ఆయన మాట వినకుండా క్లాసులో చెప్పేశాను. నలభై ఏడో పేజీ తప్పు, సరైన జవాబు సాయంత్రం, దిద్దుకోండి అని. ముందు వరసలో ఒకతను లేచాడు.

“మేడం, మరి ఎగ్జామ్‌ల ఏది పెట్టాలె?”

“సాయంత్రం అంటున్న కదా.”

“అది అసల్ది మేడం. కీ ల ఏముంటది?”

ఎవరూ నవ్వలేదు. మూడు వందల మంది పెన్నులు పట్టుకొని నిజంగానే జవాబు కోసం ఎదురుచూశారు. ఈ ప్రశ్న అడగడం వాళ్లకు నేర్పింది ఎవరో నేను వేరే చెప్పనక్కర్లేదు.

ఆ ఊళ్లో ఉద్యోగం చేస్తున్న నా పాత విద్యార్థికి ఫోన్ చేశాను. “మీరే కద మేడం చెప్పింది, స్టార్ గుడ పెట్టిండ్రు” అన్నాడు. అందులో వెటకారం లేదు, భయం ఉంది. “ఇప్పుడు మల్ల తిప్పి చెప్తే ఊళ్లె నా మాట ఎవరు ఇంటరు?”

పుస్తకం కొత్త ముద్రణలో నేనే దగ్గరుండి దిద్దించాను. నెల తర్వాత అశోక్ నగర్‌లో జిరాక్స్ షాపుకు వెళ్లి చూస్తే ఇంకా పాతదే తీస్తున్నాడు.

“కొత్తది వచ్చింది కదన్నా, ఇదెందుకు తీస్తున్నవ్?”

“పాతదే అడుగుతున్నరక్క. కొత్తదాంట్ల తప్పున్నదంట. నలభై ఏడో పేజీల.”

ఆ ఏడాది చివరి గ్రాండ్ టెస్టు పేపరు నేను దిద్దించకముందే అచ్చయింది. అందులో ఆ ప్రశ్న ఉంది. నేను వరసల మధ్య తిరుగుతూ నాలుగో వరస కిటికీ దగ్గర ఆగాను. ఆ అమ్మాయి జవాబు పత్రంలో ‘బి’ గడి నిండుగా నల్లగా దిద్ది ఉంది. ఉదయం. నేను ఆ గడి మీద వేలు పెట్టాను. తను తలెత్తి, పక్కవాళ్లకు వినపడనంత మెల్లగా అంది.

“మార్కు కావాలె గద మేడం.”

అప్పటికి వాళ్లమ్మ కౌలు వదిలేసి, చిక్కడపల్లిలో ఒక అపార్ట్‌మెంటు పనిలో మళ్లీ ఇటుకలు మోస్తోంది. నేను టైపు గదికి వెళ్లే దారి అదే. ఒకసారి ఆమె తలమీద తట్టతో అవతలి పక్క కనిపించింది. నేను ఫోన్ చెవికి పెట్టుకొని, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు దాటిపోయాను. ఇది కూడా రాయాలనే కూర్చున్నాను కాబట్టి రాస్తున్నాను.

ఆ అమ్మాయికి ఉద్యోగం వచ్చింది. పల్లెల్లో రైతులకు సలహాలు చెప్పే ఉద్యోగమే, వాళ్ల సొంత మండలం పక్కనే. ఎవరి చలవా కాదు, అక్షరాలా తన కష్టం. నేను మానేసిన తర్వాత, ఈ మధ్య, ధైర్యం తెచ్చుకొని ఫోన్ చేశాను. అమ్మ బాగుందా అన్నాను. “నడుం నొప్పి మేడం, నా దగ్గరనే ఉంటది” అంది. ఆ కాగితం రాసింది నేనని అమ్మతో చెప్పావా అని అడిగాను.

“లేదు మేడం. మీరు చెప్తరనుకున్న.”

మాట మార్చడానికి అడిగాను: “ఇప్పుడు నువ్వు ఊళ్లల్ల ఏం చెప్తున్నవ్? పూత మీద మందు ఎప్పుడు కొట్టమంటున్నవ్?”

“మొదట్ల సాయంత్రమనే చెప్పిన మేడం. శానా తిరిగిన, చేను చేనుకు పోయి చెప్పిన.”

“ఇప్పుడు?”

“ఇప్పుడు రైతులు నన్నే అడుగుతున్నరు, ఈగలేడున్నయ్ బిడ్డా అని. పొద్దుగాల పోయి పూతల నిలవడి చూసిన మేడం. ఒక్కటి లేదు.” క్లాసులో జవాబు చెప్పినట్టే చెప్పింది. “ఆప్షన్ డి మేడం. ఎప్పుడైనా.”